సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, ఆట మాత్రం పోతుంది

ప్రశ్న: "నేను ఆడే షూటింగ్ గేమ్‌ను డెవలపర్లు నాశనం చేశారని పాత ఆటగాళ్ళంతా తిడుతున్నారు. సర్వర్లు బాగానే నడుస్తున్నాయి, కొత్త మ్యాపులు వస్తున్నాయి, గ్రాఫిక్స్ కూడా మెరుగయ్యాయి. మరి పాడైందేంటి? నిజంగా అలా జరుగుతుందా, లేక పాతదే బాగుందనే మామూలు గోలేనా?"

జరుగుతుంది. గోల కూడా కొంత ఉంటుంది, కాదనను. మాది విజయవాడ. మొగల్రాజపురం నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే షూటింగ్ గేమ్‌తో మొదలుపెట్టినవాణ్ని. ఆ తర్వాత పీసీలో, ఫోన్‌లో చాలా ఆటలు చూశాను. నాకు అర్థమైనంతవరకు, మల్టీప్లేయర్ ఆటలో కంపెనీ ఇచ్చేది సగమే. మిగతా సగం ఆడేవాళ్ళు తయారు చేసుకుంటారు. చేతికి అలవాటైన పనితనం ఒకటి, రోజూ కలిసే బ్యాచ్ ఒకటి. ఈ రెండింటిలో దేన్ని చెడగొట్టినా ఆట పోయినట్టే. మ్యాపులు ఎన్ని ఇచ్చినా ఆ నష్టం పూడదు.

ముందు పనితనం సంగతి. కౌంటర్ స్ట్రైక్‌లో ఏకే 47 ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే బుల్లెట్లు పైకి పాకిపోతాయి. రెండో మూడో కాల్చి, ఒక క్షణం ఆగి, మళ్ళీ కాల్చాలి. హెల్మెట్ పెట్టుకున్నవాడు కూడా ఏకేతో తలకు ఒక్కటి తగిలితే పడిపోతాడు. ఎమ్‌4 తుపాకీతో అయితే హెల్మెట్ ఉన్నవాడికి ఒక్కటి చాలదు. ఈ చిన్న తేడా మీదే మా వ్యూహాలన్నీ నడిచేవి. డస్ట్ 2 అనే మ్యాప్‌లో డబుల్ డోర్స్ దగ్గర ఎవరు ఉండాలి, ఈ రౌండ్‌లో తుపాకీ కొనాలా, పిస్టల్‌తోనే లాగించి డబ్బు దాచుకోవాలా అన్నీ ఆ లెక్కలోంచే వచ్చేవి. ఇవన్నీ మాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇంటర్ క్లాసులు ఎగ్గొట్టి, గంటకింతని ఇచ్చి, పక్క సీటులో ఉన్నవాడి చేతిలో చచ్చి చచ్చి నేర్చుకున్నాం.

ఇప్పుడు ఒక రోజు పొద్దున్నే ఎవరో ఆ లెక్క మార్చేశారనుకోండి. 2018 నవంబర్‌లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 5కు సరిగ్గా అదే జరిగింది. విడుదలైన నెలలోపే, డిసెంబర్‌లో, శత్రువు చావడానికి పట్టే సమయాన్ని డెవలపర్లు పెంచారు. పాత ఆటగాళ్ళకు ఉన్నదే నచ్చుతోందని వాళ్ళే ఒప్పుకున్నారు. కానీ కొత్తవాళ్ళు మరీ త్వరగా చచ్చిపోయి ఆట వదిలేస్తున్నారని తమ డేటా చెబుతోందన్నారు. గొడవ పెద్దదై కొద్ది రోజుల్లోనే పాత లెక్కకు తెచ్చారు. అక్కడితో బుద్ధి వచ్చిందనుకున్నాం. 2019 అక్టోబర్ ఆఖరున పసిఫిక్ యుద్ధం మ్యాపులు వచ్చి, జనం మళ్ళీ సంతోషంగా తిరిగొస్తున్న టైమ్‌లో, డిసెంబర్ అప్‌డేట్‌లో మళ్ళీ అదే పని చేశారు! తర్వాతి ఏప్రిల్‌లో, ఆ వేసవి అప్‌డేటే ఇక ఆఖరి పెద్ద అప్‌డేట్ అని ప్రకటించారు. ఒక్క ఆ మార్పు వల్లే అంతా అయిందని చెప్పలేను, కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ బౌలర్ యార్కర్ నేర్చుకున్నాక పిచ్ పొడవు మార్చేస్తే వాడికి ఎలా ఉంటుందో, ఆ డిసెంబర్‌లో ఆడినవాళ్ళకు అలాగే ఉంది.

ఇక బ్యాచ్ సంగతి. ఇది నా సొంత గోడు కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. ఆట పేరు మాత్రం చెప్పను. ఫోన్‌లో ఆడే స్క్వాడ్ గేమ్, నలుగురు కలిసి దిగాలి. నేను, పటమటలో మా పక్క వీధి కుర్రాడు, గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా మేనత్త కొడుకు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేసే ఒక స్నేహితుడు. రాత్రి భోజనాలయ్యాక లాబీలోకి వచ్చేవాళ్ళం.

మాలో అసలైన ఆటగాడు ఆ వెల్డింగ్ చేసేవాడే. రోజంతా సుత్తి మోతలో ఉండేవాడికి అంత చెవి ఎక్కడిదో తెలీదు. చవక ఫోను, వైరున్న ఇయర్‌ఫోన్స్, స్క్రీన్ మూల చిట్లి ఉండేది. "మావా, మెట్ల మీద ఒకడు. ఇంకోడు కిటికీ కింద కూర్చున్నాడు, కదలట్లేదు, గన్ రీలోడ్ చేశాడు" అనేవాడు. మేం వాడు చెప్పిన వైపు గ్రెనేడ్ వేసేవాళ్ళం. మా బావకు గురి బాగా కుదిరేది గానీ ఓపిక తక్కువ. "ఎంతసేపురా, రష్ చేద్దాం" అని తలుపు తోసుకుని వెళ్ళి నాక్ అయ్యేవాడు, అంటే దెబ్బ తిని పడిపోయేవాడు. వాణ్ని రివైవ్ చేసి లేపడానికి వెళ్ళి మేమూ పోయేవాళ్ళం. గెలిచిన మ్యాచులకన్నా ఆ తిట్లే ఎక్కువ గుర్తున్నాయి.

మొదట ఒక అప్‌డేట్‌లో అడుగుల చప్పుడును అందరికీ స్క్రీన్ మీద గుర్తుగా చూపించడం మొదలుపెట్టారు. ఎటు నుంచి వస్తున్నారో బాణం గీసి మరీ చెబుతుంది. కొత్తవాళ్ళకు మేలే, వినికిడి తక్కువున్నవాళ్ళకు ఇంకా మేలు. దాన్ని సెట్టింగ్‌లో పెట్టి, ర్యాంక్ మ్యాచుల్లో వద్దనుకునేవాళ్ళకు వేరే మోడ్ ఇచ్చి ఉంటే గొడవే లేదు. అలా ఇవ్వలేదు. మా ఆటోనగర్ వాడి విద్య ఒక్క రాత్రిలో విలువ లేకుండా పోయింది. వాడు చెప్పేలోపే స్క్రీన్ చెప్పేసేది.

తర్వాత డౌన్‌లోడ్ సైజు. గ్రాఫిక్స్ పెంచామని గొప్పగా వేశారు. "చెల్లి పెళ్ళి వీడియోలు కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా మావా, ఇంకా ప్లేస్ చాలట్లేదంట" అన్నాడు వాడు. ఎలాగో ఎక్కించినా, మ్యాచ్ మొదట్లో విమానంలోంచి దూకగానే ఫోన్ వేడెక్కి ఆట ఆగిపోయేది. కొత్త ఫోన్ కొనమని చెప్పడం తేలిక. మీ ప్రశ్నలో గ్రాఫిక్స్ మెరుగయ్యాయని రాశారు కదా, ఆ మెరుగు ఎవరి ఫోన్‌లో కనబడుతోందో ఒకసారి కనుక్కోండి.

ఆపైన ర్యాంక్ నిబంధన వచ్చింది. ర్యాంకుల్లో మరీ తేడా ఉన్నవాళ్ళు ఒకే టీమ్‌గా దిగకూడదన్నారు. రూల్‌గా చూస్తే న్యాయమే, మోసాలు తగ్గుతాయి. కానీ మా బావ ర్యాంక్ ఎక్కేశాడు, మేం కింద ఉండిపోయాం. సరే, మాలో మేం కస్టమ్ రూమ్‌లో ఆడుకుందామంటే, అంతకుముందు ఉచితంగా ఉన్న రూమ్‌కు కార్డు కొనాలన్నారు. చివరికి పైసలు పెట్టి అప్‌గ్రేడ్ చేసుకుంటే బలం పెరిగే తుపాకీ తెచ్చారు. ఎదుటివాడు ముందే చూసి ముందే కాల్చినా మనమే గెలిచేంత తేడా. ఆ తుపాకీ పటమట కుర్రాడు కొన్నాడు. గెలిచిన ప్రతిసారీ "గన్ గెలిపించిందిలే" అని మేం ఏడిపించేవాళ్ళం. వాడికీ విసుగొచ్చింది.

ఎవరూ మానేస్తున్నామని చెప్పలేదు. ఒకడు రావట్లేదని ఇంకొకడు రావడం తగ్గించాడు. కంపెనీ లెక్కల్లో మేం నలుగురం విడివిడిగా పోయిన నలుగురు వినియోగదారులం. వాళ్ళకు తెలియనిది అదే: పోయింది ఒక్క స్క్వాడ్.

డబ్బు దగ్గరకొచ్చేసరికి చాలామంది అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. స్కిన్, అంటే తుపాకీకో పాత్రకో కొత్త రూపం, అమ్ముకోవడం తప్పేమీ కాదు. కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్‌లో 2013 నుంచి తుపాకీ రంగులు అమ్మారు. రంగు ఏదైనా బుల్లెట్ దెబ్బ ఒకటే కాబట్టి పోటీ చెడలేదు. (ఏ రంగు వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి పెట్టెలు తెరిచే జూదం మాట వేరు, అది నాకూ నచ్చదు.) బలం అమ్మితేనే వస్తుంది చిక్కు. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 విడుదలకు ముందు డార్త్ వేడర్, ల్యూక్ లాంటి హీరోలు కావాలంటే ఆటలో సంపాదించే క్రెడిట్లు 60,000 కూడబెట్టాలన్నారు. ఒక్క హీరోకు దాదాపు 40 గంటల ఆట అవుతుందని ఆటగాళ్ళు లెక్కగట్టారు. పైగా బలాన్నిచ్చే కార్డులు డబ్బు పెట్టి కొనే పెట్టెల్లో ఉండేవి. అదీ పూర్తి ధర పెట్టి కొన్న ఆటలో! దాన్ని సమర్థిస్తూ ఆ ఆట కంపెనీ ఈఏ తరఫున రెడిట్‌లో పెట్టిన జవాబుకు ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడి గిన్నిస్ రికార్డయింది. 60,000ను 15,000కు తగ్గించారు. విడుదలకు ముందు రోజు కొనుగోళ్ళే ఆపేశారు. 2018లో పద్ధతంతా మార్చాక, ఆ తర్వాత రెండేళ్ళు మంచి అప్‌డేట్లు ఇచ్చి ఆటను నిలబెట్టారు కూడా. కానీ మొదటి నెలలో వెళ్ళిపోయినవాళ్ళందరూ తిరిగి రారు.

డెవలపర్లు తెలివితక్కువవాళ్ళని నేననను. నేనూ సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేస్తాను. మీటింగ్‌లో కనబడేది గ్రాఫ్ మాత్రమే. కొత్తవాడు మొదటి వారంలో వెళ్ళిపోతే గ్రాఫ్‌లో వెంటనే తెలుస్తుంది. ఐదేళ్ళుగా ఆడుతున్నవాడు లోపల్లోపల విసుక్కుంటుంటే అది ఏ గ్రాఫ్‌లోనూ రాదు, వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఉచిత ఆటకు ప్రతి సీజన్‌లో ఏదో ఒకటి అమ్మాలి, అమ్మాలంటే ఏదో ఒకటి మార్చాలి. బాగున్నదాన్ని అలాగే ఉంచినందుకు ఎవరికీ ప్రమోషన్ రాదు.

అయితే తప్పుడు నిర్ణయం ఒక్కటే ఆటను చంపదు. వెనక్కి వెళ్ళే దారి మూసేయడమే చంపుతుంది. 2016లో జనం డబ్బు పెట్టి కొన్న ఓవర్‌వాచ్‌నే చూడండి. ఆరుగురు వర్సెస్ ఆరుగురు ఆట. 2022 అక్టోబర్‌లో ఓవర్‌వాచ్ 2 వచ్చి ఐదుగురికి తగ్గించింది, ముందుండి దెబ్బలు కాచుకునే ట్యాంక్ పాత్రను టీమ్‌కు ఒక్కటే మిగిల్చింది. ఇద్దరు ట్యాంక్‌లు జతగా ఆడే స్నేహితులకు చోటు లేకుండా పోయింది. పాత ఆట సర్వర్లు ఆపేశారు కాబట్టి కొన్నది ఆడుకునే వీలూ లేదు. రెండో భాగం తేవడానికి కారణంగా చెప్పిన, కంప్యూటర్ శత్రువులతో కలిసి పోరాడే పెద్ద మోడ్‌ను 2023 మేలో రద్దు చేశారు. ఆ ఆగస్టులో, పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లోకి రాగానే నెగటివ్ రివ్యూలు వెల్లువెత్తాయి. 2024 చివర్లో ఆరుగురి పద్ధతిని మళ్ళీ పరీక్షించి చూశారు.

దారి తెరిచినవాళ్ళూ ఉన్నారు. రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో 2012 నవంబర్‌లో పోరాట పద్ధతి మొత్తం మార్చేశారు. జనం తగ్గిపోయారు. కంపెనీ దగ్గర 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి మిగిలి ఉంది. ఓటింగ్ పెడితే నాలుగు లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. 2013 ఫిబ్రవరిలో ఆ పాత ఆటనే ఓల్డ్ స్కూల్ పేరుతో వదిలారు. అందులో కొత్తది ఏది చేర్చాలన్నా ఆటగాళ్ళు ఓటేయాలి. మొదట్లో 75 శాతం ఒప్పుకుంటేనే చేర్చేవారు. కాలక్రమంలో అసలు ఆటకన్నా ఈ పాతదానికే ఎక్కువమంది చేరారు. 2023 నవంబర్‌లో ఫోర్ట్‌నైట్ తన మొదటి మ్యాప్‌ను తిరిగి తెస్తే ఒక్కరోజే 4.47 కోట్ల మంది ఆడారని ఆ కంపెనీ ప్రకటించింది. కాబట్టి "పాతదే బాగుందనేది వట్టి గోల" అనే మాట అన్నిసార్లూ నిజం కాదు. కొన్నిసార్లు లెక్కలు కూడా అదే చెబుతాయి.

కౌంటర్ స్ట్రైక్ 1.6 ఇప్పటికీ బతికి ఉండటానికి కారణం పెద్దదేమీ కాదు. సర్వర్ ఫైళ్ళు ఆటగాళ్ళ చేతిలో ఉన్నాయి. నాలుగు కంప్యూటర్లను ల్యాన్‌తో కలిపితే కంపెనీ అనుమతి అక్కర్లేదు. మా మొగల్రాజపురం సెంటర్‌లో ఇంటర్నెట్ పోయినా ఆట ఆగేది కాదు, కరెంట్ పోతేనే ఆగేది.

అందుకే మీ ఆట చెడిందో లేదో తేల్చుకోవడానికి అప్‌డేట్‌తో ఇచ్చే ప్యాచ్ నోట్స్‌లో కొత్త మ్యాపుల జాబితా చదవకండి. ఏం తీసేశారో చూడండి. కస్టమ్ రూమ్ ఉందా, పాత ఫోన్‌లో నడుస్తోందా, నేర్చుకున్నది పనికొస్తోందా? 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్ పోయినట్టు ప్రభుత్వం ఆపేస్తే అది వేరే కథ, దాన్ని డెవలపర్ ఖాతాలో వేయకండి.

ఆటగాళ్ళు గట్టిగా అరిస్తే వినే సందర్భాలూ లేకపోలేదు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 పీసీ ఆటగాళ్ళు ప్లేస్టేషన్ అకౌంట్ లింక్ చేసి తీరాలని సోనీ చెప్పింది. ఆ సేవే లేని దేశాలవాళ్ళు బోలెడుమంది అప్పటికే ఆట కొని ఉన్నారు. స్టీమ్‌లో నెగటివ్ రివ్యూలు లక్షల్లో పడ్డాక, కొద్ది రోజుల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. అమ్మిన ఆటలను ఆడలేని స్థితిలో వదిలేయకూడదని యూరప్‌లో ఒక ఉద్యమం కూడా నడుస్తోంది. 2025 జూలైకి వాళ్ళ పిటిషన్‌పై పది లక్షల సంతకాలు దాటాయి. మనం సంతకం పెడదామన్నా కుదిరేది కాదు, అది యూరోపియన్ యూనియన్ పౌరులకు మాత్రమే. మనకు ప్రస్తుతానికి ఉన్నది ప్లే స్టోర్‌లో రివ్యూ. రాసేటప్పుడు "చెత్త గేమ్" అని వదిలేయకుండా, ఏ అప్‌డేట్‌లో ఏం తీసేశారో, మీ స్క్వాడ్‌లో ఎవరు ఎందుకు మానేశారో రాయండి.