వారంలో నర్సింగ్ ఇంటర్వ్యూ: పుస్తకాలు పక్కన పెట్టు, చేసిన డ్యూటీ గుర్తుచేసుకో

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తయింది, వచ్చే వారం తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఇంటర్వ్యూ, ఇంగ్లీషంటే భయం, మూడేళ్ల పుస్తకాలు వారంలో తిరగేసేదెలా అని అడిగావు చెల్లీ. తిరగేయొద్దు. నేనూ జీఎన్ఎమ్మే, మాది పుత్తూరు దగ్గర పల్లె. మొదటి ఇంటర్వ్యూ పోగొట్టుకుని రెండోదాంట్లో ఉద్యోగం తెచ్చుకున్నా.

మొదటిసారి రాత్రంతా అనాటమీ బట్టీపట్టి పోయాను. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ ఎముకల జోలికే రాలేదు. "500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో పోవాల. సెట్టు ఎంఎల్‌కు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని పెడతావు?" అన్నారు. చదువులో భాగంగా ఆసుపత్రుల్లో చేసే పోస్టింగుల్లో ఎన్ని డ్రిప్పులు పెట్టి ఉంటానో! కానీ ఎప్పుడూ కంటి అంచనాతో చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పడమే, సిస్టర్ "ఇంకొంచెం తగ్గించు పాపా" అంటే తగ్గించడమే. నోట్లోంచి "అరవై" అని ఊడిపడింది. ఎట్లా వచ్చిందమ్మా అంటే నీళ్లు నమిలాను. బస్టాండులో కూర్చుని టికెట్టు వెనక వేసుకుంటే అర నిమిషం పట్టలేదు: 500 ఎంఎల్ అంటే 10,000 చుక్కలు, 4 గంటలంటే 240 నిమిషాలు, భాగిస్తే సుమారు 42. లెక్క తప్పినందుకు నన్ను వద్దన్నారని ఇప్పటికీ అనుకోను. "ఒక్క నిమిషం మేడమ్, కాగితం మీద వేసి చెప్తా" అననందుకే. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే పిల్లకు మందుల ట్రాలీ ఎవరిస్తారు?

రెండో చోట అడిగింది అచ్చంగా తిరుపతి ప్రశ్న. అలిపిరి మెట్లెక్కుతూ ఒకాయన కూలబడ్డాడు, క్యాజువాలిటీకి తెచ్చారు. షుగర్ ఉంది, మొక్కుందని పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ఒళ్లంతా చెమట. నువ్వేం చేస్తావు? (3,550 మెట్లు ఖాళీ కడుపుతో ఎక్కేవాళ్లు ఉంటారు కాబట్టి ఇది నీకూ రావచ్చు.) ఈసారి తొందరపడలేదు. వార్డులో చేతులు ఏ వరుసలో కదులుతాయో ఆ వరుసలోనే చెప్పాను. పిలిచి స్పృహ చూస్తా, శ్వాస, నాడి చూస్తా, డాక్టరుగారికి కబురు పెడుతూనే గ్లూకోమీటరు తీస్తా. షుగర్ 70 కంటే తక్కువుండి, మెలకువగా మింగగలిగితే గ్లూకోజు నీళ్లు తాగిస్తా. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయను. నరంలో క్యాన్యులా (సన్నని గొట్టం) వేసి, డాక్టరు ఆర్డరు ప్రకారం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) ఇస్తా. 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూస్తా. "అంతేనా?" అన్నారు ఇంటర్వ్యూ చేస్తున్నాయన. అప్పుడు రుయా (తిరుపతి ప్రభుత్వాసుపత్రి) పోస్టింగులో ఒక సీనియర్ సిస్టర్ అన్న మాట తట్టింది: షుగరోళ్లకు గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు, చెమటే కనిపిస్తుంది. ఈసీజీ కూడా తీయిస్తానన్నాను. ఉద్యోగం అక్కడే వచ్చిందనుకుంటా.

కాబట్టి ఈ వారం నీ పోస్టింగుల్లోంచి నాలుగైదు కేసులు తీసి, ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పు. నేను మా అమ్మకు చెప్పాను, పాపం ఆమెకిప్పుడు గుండె ఆగినవాళ్లకు చేసే సీపీఆర్‌లో 30 నొక్కుళ్లకు 2 ఊపిరులని కూడా తెలుసు. తప్పకుండా అడిగేవి ఇంకొన్ని: చెత్త ఏ రంగు డబ్బాలో (వాడిన ఐవీ సెట్టు, అంటే సెలైన్ గొట్టం, ఎరుపు, రక్తమంటిన దూది పసుపు, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బా, గాజు సీసాలు నీలం), సూది గుచ్చుకుంటే ఏం చేస్తావు (పిండకూడదు, సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే రిపోర్టు చేయాలి), రక్తం ఎక్కుతుండగా పేషెంటుకు వణుకొస్తే ముందు ఏం చేస్తావు (ముందు రక్తం ఎక్కించడం ఆపడం, ఆ తర్వాతే డాక్టరుకు ఫోను). పొటాషియం క్లోరైడ్ నేరుగా సిరంజితో నరంలోకి ఇవ్వమని ఎవరైనా అంటే ఏం చేస్తావని కూడా తిప్పి అడుగుతారు. ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. డాక్టరే చెప్పారన్నా ఇవ్వకుండా మళ్లీ అడుగుతానని గట్టిగా చెప్పు.

ఇంగ్లీషు సంగతి. నీ పేరు, చదువు, పోస్టింగులు చేసిన వార్డులు, ఈ మూడూ ఇంగ్లీషులో తడబడకుండా వస్తే చాలు. కేసు అడిగినప్పుడు "తెలుగులో చెప్పొచ్చా సార్" అని అడిగా, ఎవరూ కొరికెయ్యలేదు. పలమనేరు పిల్లవి, కన్నడం, తమిళం ఎంతో కొంత వచ్చే ఉంటాయి. అది మర్చిపోకుండా చెప్పు. తిరుపతి వార్డుల్లో సగం మాటలు ఆ భాషల్లోనే నడుస్తాయి.

ఆఖర్న "ఏమైనా అడగాలా?" అంటారు. సిగ్గుపడకుండా అడుగు: నైట్ డ్యూటీలు వరసగా ఎన్ని, ఒక సిస్టరుకు ఎంతమంది పేషెంట్లు, బాండు (ఇంతకాలం మానకూడదనే ఒప్పందం) ఉందా. నా స్నేహితురాలు ఒకచోట చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి, మంచి అవకాశం వచ్చినా ఏడాదిన్నర కదల్లేకపోయింది. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషనుతో సహా అన్నీ తీసుకెళ్లి చూపించు, జిరాక్సులు ఇచ్చిరా, ఒరిజినల్స్ బ్యాగులో పెట్టుకునే పలమనేరు బస్సెక్కు.