దోరకాయంటే ఏమిటో కంప్యూటర్‌కి చెప్పడమెలా?

ప్రశ్న: బెంగళూరులో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫొటో చూసి టమాటా పచ్చిదో, దోరదో, పండో చెప్పే ప్రోగ్రామ్ రాశాను. హ్యూ (ఏ రంగో చెప్పే అంకె) 12 లోపుంటే పండు, దాటితే దోర, 32 దాటితే పచ్చి అని గీతలు పెట్టాను. ఒకే కాయను రెండుసార్లు ఫొటో తీస్తే ఒకసారి పండంటుంది, ఇంకోసారి దోరంటుంది. బాగా ఎర్రటి కాయల్ని పచ్చివంటోంది. ఫజీ లాజిక్‌తో (ఒక మాట ఎంతమేరకు నప్పుతుందో 0, 1 మధ్య అంకెతో చెప్పే పద్ధతి) సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మొదటిదానికి సరిపోతుంది. రెండోది కొలతలోని తప్పు, ముందు దాని సంగతి చూడండి.

ఫొటోల్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీవీలో, మామూలు ఫొటోలకు హ్యూ 0 నుంచి 179 దాకా తిరిగే చక్రం. ఎరుపు ఆ రెండు కొసల్లోనూ ఉంటుంది. కాయలో సగం పిక్సెళ్లు 2, సగం 176 అయితే సగటు 89 వస్తుంది, అంటే ఆకుపచ్చ కూడా దాటిపోయింది! 90 దాటిన ప్రతి విలువలోంచి 180 తీసేయండి. 176 కాస్తా -4 అవుతుంది, సగటు -1కి వస్తుంది. లైటు పడి తెల్లగా మెరిసే చోట హ్యూకి అర్థం ఉండదు కాబట్టి శాచురేషన్ (రంగు గాఢత) 50 కన్నా తక్కువున్న పిక్సెళ్లను వదిలేయండి. తొడిమ పచ్చదనాన్నీ లెక్కలోకి రానివ్వకండి.

ఇక గీతల సంగతి. 12 దగ్గర కాయ మారదు, మన మాటే మారుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త లోత్ఫీ జాదే 1965లో ఫజీ సెట్లను ప్రతిపాదించింది ఇలాంటి మాటల కోసమే. కోలారు, మదనపల్లె కాయల్ని రోజూ ఏరే చేతులకు దోర అంటే ఏమిటో బాగా తెలుసు, ఆ అంకెలు వాళ్ల దగ్గరే తీసుకోండి. రకరకాల కాయలు ఓ నలభై చూపించి, అందరూ పండన్న చివరి హ్యూ, ఎవరూ పండనని మొదటి హ్యూ రాసుకోండి. అవి 6, 14 అనుకుందాం. 6 దాకా పండు విలువ 1, అక్కణ్నుంచి ఏటవాలుగా దిగి 14 దగ్గర 0. దోర 8 దగ్గర మొదలై 16కి 1 అవుతుంది. ఇప్పుడు హ్యూ 12 ఉన్న కాయ పండుగా 0.25, దోరగా 0.5. ఫొటోలో హ్యూ ఒకటి అటూ ఇటూ అయినా ఈ విలువలు కొద్దిగానే కదులుతాయి. రెండూ కలిపి 1 రానక్కర్లేదు, ఇవి సంభావ్యతలు కావు. 0.25 అంటే నాలుగింట ఒకటి పండని కాదు, ఈ కాయకే ఆ మాట అంతమేరకు నప్పుతుందని.

'పండు, గుండ్రం అయితే మొదటి రకం' లాంటి సూత్రంలో రెండు విలువల్లో చిన్నదాన్ని తీసుకోండి. గుండ్రదనానికి వైశాల్యాన్ని 12.57తో గుణించి, చుట్టుకొలత వర్గంతో భాగించండి. పిక్సెళ్ల అంచు మెట్లుమెట్లుగా ఉండి చుట్టుకొలత పెరుగుతుంది కనుక నిండు గుండ్రటి కాయకూ 1 రాదు. ఆ హద్దులూ మీ కాయలతోనే కొలుచుకోండి.

మాటల మధ్య ఖాళీ మాత్రం వదలొద్దు. 14 దగ్గర పండు ముగిసి 16కి దోర మొదలైతే, 15 ఉన్న కాయకు ఏ సూత్రమూ వర్తించదు. సూత్రాల ఫలితాలన్నీ కలిపి చివర్లో సగటు తీసేచోట సున్నాతో భాగించాల్సి వస్తుంది.

ప్రశ్న: ఉదాహరణలు చూసి తామే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులు ఉండగా ఇదంతా ఎందుకు?
– ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: సంతలో ఏ మూల ఏ కూరగాయ ఉందో గుర్తుపట్టాలంటే అవే మేలు, వేల ఫొటోలు పేర్లతో సహా కావాలి. ఒకే పంట, ఒకే లైటు, కొన్ని పదుల ఫొటోలే ఉంటే ఫజీ సూత్రాలు చాలు. ఈ కాయను ఎందుకు పక్కనపెట్టిందని రైతు అడిగితే చదివి వినిపించవచ్చు కూడా. కెమెరాలో రంగుల్ని తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ మాత్రం ఆపేయండి. ఫ్రేము నిండా ఎర్రకాయలుంటే కెమెరా ఆ ఎరుపునే తగ్గించేస్తుంది.