డాక్టర్ సలహా: మెషీన్‌లో 20 వస్తే బండి తీయొచ్చా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, బరువు 70 కిలోలు. నెలకోసారి ఫ్రెండ్స్‌తో కూర్చుని రెండు చిన్న పెగ్గుల విస్కీ తాగుతాను, పైన గంజాయి సిగరెట్ పంచుకుంటాం. గంటన్నర ఆగి జేబులోని బ్రెత్ అనలైజర్ (ఊపిరిలో మద్యం కొలిచే మెషీన్)లో ఊదితే 20 చూపిస్తుంది. బైక్ నడపొచ్చా? మూడో రోజు మూత్ర పరీక్షలో గంజాయి పాజిటివ్ వస్తే మత్తు ఇంకా ఉన్నట్టేనా?

జవాబు: నడపకూడదు. ఆ 20 అంటే 100 మి.లీ. రక్తంలో 20 మి.గ్రా. అని, అది మద్యం లెక్క మాత్రమే. గంజాయి సంగతి ఆ మెషీన్‌కి తెలియదు.

మద్యం లెక్క మాత్రం సరిగ్గానే ఉంది. 42.8 శాతం విస్కీ 60 మి.లీ.లో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మీ బరువుకి, ఖాళీ కడుపు మీద, 100 మి.లీ. రక్తంలో అది 40 మి.గ్రా. వరకు చేరుతుంది. ఆ తర్వాత గంటకి దాదాపు 15 చొప్పున తగ్గుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. అదే క్వార్టర్ తాగితే సున్నాకి రావడానికి ఎనిమిది గంటలు పైనే పడుతుంది. అర్ధరాత్రి తాగి పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరేవాళ్లు దొరికిపోయేది అందుకే. చివరి గుక్క మింగాక 15 నిమిషాల్లోపు ఊదితే, నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల అంకె ఎక్కువ వస్తుంది.

గంజాయికి ఇలాంటి లెక్క కుదరదు. పొగ పీల్చిన పది నిమిషాల్లో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) రక్తంలో గరిష్ఠానికి చేరి, గంటకల్లా బాగా పడిపోతుంది. మత్తు మాత్రం మూడు నాలుగు గంటలు ఉంటుంది. రోజూ పీల్చేవారికి కొవ్వులో నిల్వ అయినది మెల్లగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది కాబట్టి, మత్తు లేని రోజున కూడా పరీక్షలో కనబడుతుంది. భంగు తాగితే గంట దాకా ఏమీ తెలియకపోవచ్చు. ‘ఎక్కలేదు’ అనుకుని ఇంకో గ్లాసు తాగేది సరిగ్గా అప్పుడే!

మూత్రంలో పట్టుకునేది టీహెచ్‌సీని కాదు, కాలేయం దాన్ని మార్చాక మిగిలిన పదార్థాన్ని. ఒక్కసారి పీల్చినా సుమారు మూడు రోజులు, రోజూ అలవాటుంటే నెల దాకా కనిపిస్తుంది. పాజిటివ్ అంటే వాడారని అర్థం, ఆ క్షణంలో మత్తులో ఉన్నారని కాదు.

ఇక రెండూ కలిస్తే? అమెరికాలోని అయోవాలో డ్రైవింగ్ సిమ్యులేటర్‌పై చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కారు తన లేన్‌లో అటూ ఇటూ ఎంత ఊగుతోందో కొలిచారు. 50 మి.గ్రా. మద్యానికి లీటరుకి 5 మైక్రోగ్రాముల టీహెచ్‌సీ తోడైతే, 80 మి.గ్రా. మద్యం ఒక్కటే ఉన్నప్పటంత ఊగింది. పైగా మద్యం ముందు పడితే టీహెచ్‌సీ రక్తంలోకి మరింత ఎక్కువగా చేరుతుంది. మీరు చేస్తున్నది సరిగ్గా అదే.

ఒంటికాలిపై 30 సెకన్లు నిలబడి చూసుకున్నా నమ్మకం లేదు. కళ్లు చూసి తేల్చుకోవడమూ కుదరదు: మద్యానికి కళ్లు పక్కకి తిప్పినప్పుడు అదురుతాయి, గంజాయి ఒక్కటే అయితే సాధారణంగా అదరవు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం మద్యానికి 30 మి.గ్రా. పరిమితి ఉంది. డ్రగ్స్ ప్రభావంతో బండి అదుపు చేయలేని స్థితిలో ఉంటే ఏ అంకెతోనూ పని లేకుండా అదే సెక్షన్ వర్తిస్తుంది. గంజాయి దగ్గర ఉండటమే నేరం, అది వేరే కేసు.

రెండూ కలిసిన రాత్రి తాళాలు తీయకండి, క్యాబ్‌లో వెళ్లండి. ఎవరికైనా ఆగకుండా వాంతులై స్పృహ తప్పుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మానాలనుకుంటే 14446 టోల్‌ఫ్రీ నంబర్ ఉంది.