తల్లిదండ్రులపై చేయిచేసుకునే కౌమార వయస్కులకు మానసిక వ్యాధి ఉన్నట్టేనా?

అన్ని సందర్భాల్లోనూ ఉండదు. కాని పరీక్ష చేయించకుండా పొగరని తేల్చేయడం అన్యాయం. ఈ వయసులో కుంగుబాటు దుఃఖంగా కాక చిరాకుగా, కోపంగా బయటపడవచ్చు కనుక, ఫోన్ తీసుకున్నందుకు తల్లిని నెట్టివేసి, ఆపై గంటల తరబడి తలుపు వేసుకుని కూర్చునే పిల్లవాడికి నిద్రలేమి, ఆత్మహత్య ఆలోచనలు, మత్తు అలవాటు ఉన్నాయేమో నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య), ఆందోళన, చిన్ననాటి నుంచి ఇంట్లో చూసిన హింస కూడా తరచుగా దీని వెనుక కనిపిస్తాయి. దెబ్బలు తినేది ఎక్కువగా తల్లులే; సిగ్గుతో వారు దాచిపెట్టడంతో చికిత్స ఆలస్యమవుతుంది. ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త హైమ్ ఓమర్ రూపొందించిన అహింసాత్మక ప్రతిఘటన పద్ధతిలో తల్లిదండ్రులు తిరిగి కొట్టరు, లొంగిపోరు; కోపం చల్లారాక మాట్లాడతారు, నమ్మకమైన బంధుమిత్రులను తోడు తెచ్చుకుంటారు. పిల్లవాడు ఆయుధం పట్టినా, చచ్చిపోతానన్నా ఆ రోజే అత్యవసర సహాయం కోరాలి.