అడగడం నేర్చుకో, అమ్మడూ

అమ్మడూ,

ఉద్యోగం మానేసి ఇంట్లో లెక్కల ట్యూషన్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషించాను, వెంటనే గుండెల్లో రాయి పడింది. పాఠం చెప్పడంలో నీకు నేను నేర్పేదేం లేదు. డబ్బు అడగడమే నీకు రాదు. కొట్టువాడు చిల్లర తక్కువిస్తే తిరిగి అడగలేక గుమ్మంలో నిలబడి ఏడ్చినదానివి.

నెల ఫీజు ముందే తీసుకో, ఐదో తేదీలోపు. సెలవుల లెక్క, నాగాల లెక్క చేర్చుకున్న రోజే వాట్సాప్‌లో రాసి పంపి, సరేనని జవాబు తెప్పించుకో. హాజరు రోజూ వెయ్యి.

ఇక అసలు సంగతి. "పరీక్షలయ్యాక మొత్తం ఒకేసారి ఇచ్చేస్తామండీ" అంటారు పిల్లల తల్లిదండ్రులు. దానికి తలూపావో, అయిపోయావే. నెలకి 2,500 చొప్పున డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి కలిపి 7,500. మార్చిలో పదో తరగతి పరీక్షలు అవగానే వాళ్లకి నీతో పని తీరిపోతుంది. అప్పుడు బేరాలు మొదలు: "సంక్రాంతికి పది రోజులు రాలేదుగా", "లెక్కల్లో మార్కులు అనుకున్నన్ని రాలేదుగా". చివరికి ఒక 2,000 చేతిలో పెడతారు. అది పుచ్చుకుని ఊరుకుంటే లెక్క అంతటితో తీరిందంటారు. పుచ్చుకో, కాదనకు. కానీ అక్కడికక్కడే నీ నోటుపుస్తకంలో "7,500లో 2,000 ఇచ్చాము, బాకీ 5,500" అని వాళ్ల చేతే రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించు. ఇలాంటి బాకీకి కోర్టుకెళ్లే గడువు మామూలుగా పాఠం చెప్పిన నాటి నుంచి మూడేళ్లు. ఆ గడువులోపల బాకీ ఒప్పుకుంటూ పెట్టిన సంతకం ఉంటే మూడేళ్లూ మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తాయి. పుస్తకం ముందుకి జరపడానికి సిగ్గుపడతావని తెలుసు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉందిగా, నా నోట అనిపించకు.

అయినా ఇవ్వకపోతే ముందు ఫోను, అదే రోజు మెసేజ్: ఏ నెలలు, ఎంత, ఎంత ముట్టింది, ఎంత బాకీ, ఏ తేదీలోపు. కోపం మాట ఒక్కటీ వద్దు, రేపు అదే సాక్ష్యం. చాట్ చెరపకు. పది రోజులు చూసి అవే అంకెలతో ఉత్తరం రాసి, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టు చేసి, 15 రోజులు గడువివ్వు. అప్పటికీ కదలకపోతే మండల న్యాయ సేవా కమిటీలోనో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోనో లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టు. కేసు వెయ్యకముందే పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ రాజీపడితేనే అవార్డు, అంటే రాజీ తీర్పు, ఇస్తారు. ఇచ్చాక అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. ఐదు వేల కోసం లాయర్ని పెట్టి దావా వేస్తే వచ్చింది ఖర్చులకే సరి. వాళ్లిచ్చిన చెక్కు బౌన్సయితే మాత్రం వేరే దారి: బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి. ఆ గడువు దాటనివ్వకు.

పిల్లల్ని మాత్రం మధ్యలోకి లాగకు. "మీ నాన్న ఫీజివ్వలేదే" అని నలుగురి ముందు అన్నావా, ఆ పిల్ల మళ్లీ నీ దగ్గర సందేహం అడగదు.

ఇంకోటి. చీకటి పడ్డాక ఒక్కదానివే వసూలుకంటూ ఎవరింటికీ వెళ్లకు. పోతే పోయింది ఐదు వేలు. వెళ్లక తప్పదనుకుంటే పగటిపూట, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లు. గేటు దగ్గరే మాట్లాడి రా, వచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దత్త