ఉచితమైతే చందా దేనికి?

ప్రశ్న: మాస్టారూ, గుణుపురంలో మా పెదనాన్నగారి రైస్ మిల్లు లెక్కలు నేనే చూస్తాను. సర్వర్‌లో సెంటాస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దానికి అప్‌డేట్లు ఆగిపోయాయట. లినక్స్ అమ్మే రెడ్‌హ్యాట్ కంపెనీకి చందా కట్టాల్సిందేనని సర్వర్ అమ్మినాయన అంటున్నాడు. లినక్స్ ఉచితం కదా, డబ్బులెందుకని పెదనాన్నగారు కోప్పడుతున్నారు. మధ్యలో నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: అమ్మా, అప్‌డేట్లు ఆగిన మాట నిజమే. 2024 జూన్ 30తో సెంటాస్ 7 గడువు తీరిపోయింది. చందా కట్టాల్సిందేనన్న మాట మాత్రం నిజం కాదు.

పెదనాన్నగారికి మిల్లు భాషలోనే చెప్పండి. రైతు తన వడ్లు తెచ్చుకుంటాడు, మీరు మర ఆడించిన కూలి పుచ్చుకుంటారు. వడ్ల ఖరీదు అడగరు కదా! రెడ్‌హ్యాట్ చందా కూడా కూలే. భద్రతా అప్‌డేట్లు, ఒక్కో వెర్షన్‌కి పదేళ్ల భరోసా, ఇబ్బంది వస్తే పలికే ఇంజనీరు, వీటికే ఆ డబ్బు. అన్నిటికన్నా చౌక చందాలో ఆ ఇంజనీరు సాయం ఉండదు. అమ్మేవాళ్లు తరచు ఈ ముక్క మింగేస్తారు, అడిగి మరీ తెలుసుకోండి.

రెడ్‌హ్యాట్ లినక్స్ కోడ్‌నే మళ్లీ కూర్చి ఊరికే ఇచ్చినదే సెంటాస్. 2029 దాకా వస్తుందనుకున్న సెంటాస్ 8ని 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటించారు. ఆ లోటు పూడ్చడానికి 2021లో ఆల్మాలినక్స్, రాకీలినక్స్ వచ్చాయి. రాకీని మొదలుపెట్టిన గ్రెగరీ కర్ట్జర్, సెంటాస్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. రెండూ ఉచితమే.

అప్పట్లో పర్లాకిమిడిలో ఒక బట్టల కొట్టు సర్వర్‌ని ఒక్క రాత్రిలో మార్చేద్దామని కూర్చున్నాను. బ్యాకప్ తీశాను గానీ, అది తెరుచుకుంటుందో లేదో చూడలేదు. తెల్లారేసరికి మూడు నెలల బిల్లులు లేవు. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే. హార్డ్ డిస్క్‌ని తువ్వాలులో చుట్టుకుని నౌపడ రైలెక్కి, అక్కణ్ణుంచి విశాఖ వెళ్లి ఒకాయన కాళ్లావేళ్లా పడితే సగం బిల్లులు దొరికాయి. మిగతా సగం కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాం.

అందుకని, కొత్త ధాన్యం దిగే రోజుల్లో సర్వర్‌ని ముట్టుకోకండి. మిల్లు ఖాళీగా ఉన్న వారం చూసుకుని, వేరే డిస్క్ మీద ఆల్మాలినక్స్ 9 కొత్తగా వేయించండి. దానికి 2032 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఉన్నదాన్నే 7 నుంచి 8కి ఎక్కించే ఎలివేట్ అనే పనిముట్టు ఉంది గానీ, లెక్కలున్న సర్వర్‌ మీద దాన్ని ప్రయోగించడం నాకు ఇష్టం లేదు. పాత డిస్క్ బీరువాలో ఉంటే ధైర్యం.

ఈలోగా మీ లెక్కల సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి, ఆల్మా మీద నడిపితే సాయం చేస్తారా అని అడగండి. రెడ్‌హ్యాట్ మీదైతేనే చేస్తామంటే మారు మాట్లాడకుండా చందా కట్టండి. సరే అంటే ఆ డబ్బుతో రెండో డిస్క్, యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ కొనండి. దానికీ పెదనాన్నగారు కోప్పడితే, బట్టల కొట్టు సంగతి చెప్పండి.