ఒంగోలు గిత్తా బ్రెజిల్ నెలోరూ ఒకటేనని రాయబాక

కందుకూరు

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు రెండుసార్లు చదివాను. యానాదులు చెప్పిన మందుమొక్కలు, పశువుల కాపరుల మాటలు, వానల లెక్కలు అన్నీ వరసలుగా పేర్చావు. ఎండన పడి తిరిగిన కష్టం కనపడతానే ఉంది. కానీ ‘ఉపయోగం’ అనే గడిలో ‘దగ్గు, వాపు, పశువులకు’ అని ఉందే, అందులో ఏది ఎవరు చెప్పారు? దేనికి వేరు, దేనికి ఆకు? ఆరునెలలు పోతే నీకే గుర్తుండదు.

ఆ చిక్కు తీర్చేదే సెమాంటిక్ వెబ్, అంటే వెబ్‌లో సమాచారాన్ని కంప్యూటరుకు కూడా అర్థమయ్యేటట్టు రాసే పద్ధతి. ఆ పేరు చూసి బెదరబాక. 2001లో, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ వాళ్ళ వ్యాసంతో ఆ మాట ఊరూరా పాకినప్పుడు నేనింకా లైబ్రరీలో కేటలాగు కార్డులు రాసుకుంటా ఉన్నా. తీరా చూస్తే మూలం చిన్నదే. ప్రతి సంగతినీ మూడు ముక్కల వాక్యంగా విడగొడతారు: ‘అటికమామిడి – వాడే భాగం – వేరు’. దీన్నే ఆర్‌డీఎఫ్ అంటారు. మొక్కకూ, ఆ సంబంధానికీ వెబ్ అడ్రసులాంటి మారని గుర్తు ఒకటి ఇస్తారు, అది యూఆర్‌ఐ. మనిషికి ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు ఉన్నా ఆధార్ నంబరు ఒకటే ఉన్నట్టు.

పేర్ల దగ్గరే అసలు చిక్కు. తెల్ల గలిజేరు చూపించమంటే ఒక ఊళ్ళో అటికమామిడి చూపిస్తారు, పక్క ఊళ్ళో వేరే మొక్క పీక్కొస్తారు. ఇద్దరిదీ తప్పు కాదు. అందుకని మొక్కకు నంబరిచ్చి, పేర్లను దానికి చీటీల్లా తగిలించు. స్కాస్ అనే పద్ధతిలో ఒక ముఖ్యమైన పేరు, మిగతావి మారుపేర్లు పెట్టుకోవచ్చు. ముఖ్యమైన పేరుగా పుస్తకంలోది కాదు, చెప్పినవాళ్ళ నోటి మాటే పెట్టు. శాస్త్రీయ నామం ఆ మొక్కను కళ్ళారా చూసిన వృక్షశాస్త్రజ్ఞుడు ఖాయం చేసిన తర్వాతే.

ఊళ్ళకూ ఇదే గతి. మా కందుకూరే చూడు. నెల్లూరు జిల్లాలో ఉండింది, 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మారింది) ఏర్పడ్డప్పుడు అందులోకి పోయింది, 2022లో మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. మేం ఇల్లు కదిలింది లేదు! ‘జిల్లా’ అని ఒకే గడి పెడితే అందులో ఏం రాస్తావు? ఊరికి ఒక గుర్తు, ‘ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా ఈ జిల్లా’ అని విడి వాక్యాలు. అట్లా రాస్తేనే పాత రికార్డులతో ముడిపడుద్ది.

ఒక తప్పు మాత్రం చెయ్యబాక. రెండు వస్తువులు ఒకటేనని చెప్పడానికి ‘సేమ్ యాజ్’ అనే సంబంధం ఉంది. కుర్రోళ్ళకు అది చేతికి దొరికితే ఎడాపెడా వాడేస్తారు. నీ షీటులో ఒంగోలు పశువుల జాతి పక్కన, సేమ్ యాజ్ అంటా బ్రెజిల్‌లో పెంచే నెలోర్ జాతి పేరు రాశావు. పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. ఇక్కణ్ణించి ఓడెక్కిన పశువులకు అక్కడ మన జిల్లా పేరే నిలబడింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ‘సేమ్ యాజ్’ అన్నావంటే ఒకదాని గుణాలన్నీ రెండోదానికి అంటుకుంటాయి. వాళ్ళు మాంసం కోసం పెంచే మందల సంగతులన్నీ, మనవాళ్ళు దుక్కికీ పాలకూ సాకిన ఒంగోలు జాతి మీదకొచ్చి పడతాయి. కంప్యూటరుకు సిగ్గా ఎగ్గా, గుండ్లకమ్మ ఒడ్డున గిత్తను కట్టేసుకున్న రైతును మాంసం వ్యాపారి అనేస్తది. ‘దీన్నుంచి పుట్టింది’ అని రాయి, చాలు.

కార్తెలను కూడా ఇంగ్లీషు నెలల్లోకి మార్చి పారెయ్యబాక. స్వాతి కార్తెలో అని రైతు చెబితే స్వాతి అనే ఉంచి, దాని తేదీలు పక్కన కలుపు. మనకు ఈశాన్య రుతుపవనాల వానే ఆధారం, ఆ లెక్క ఆ మాటలోనే ఉంది.

ఇప్పుడు నా తప్పు చెప్తా. చాన్నాళ్ళ కిందట ఒక యానాది ముసలాయన నన్ను కాలవ గట్టెంబడి నడిపించుకుంటా పోయి ఒక మొక్క చూపించాడు. తవ్వేముందు దానికి దణ్ణం పెట్టి, ఒక పక్క వేరు మాత్రమే తీసి, మిగతాదానికి మట్టి కప్పాడు. నేను ఫొటోతో సహా, ఏ గట్టో ఎన్ని అడుగులో అన్నీ రాసి, ఆ పని చేయించిన సంస్థకు ఇచ్చాను. వాళ్ళు అందరికీ కనపడేటట్టు పెట్టారు. మరుసటేడు పోతే గట్టంతా గుంటలు. ముసలాయన నన్నేమీ అనలా. ‘మట్టి కప్పిన సంగతి రాశావా సామీ’ అని మాత్రం అడిగాడు. రాయలేదు. ‘ఉపయోగం’ గడిలో దానికి చోటు లేదు మరి.

రాసి పెడితే రక్షణ కూడా ఉందిలే, కాదనను. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయిందంటే మన దగ్గర రాతపూర్వక ఆధారాలు ఉండబట్టే. సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ 2001లో మొదలైంది అందుకే. కానీ అది గ్రంథాల్లో ఉన్న విద్య. నోటిలో ఉన్నదాన్ని నువ్వు బయటపెడితే, కాపలా కూడా నువ్వే పెట్టాలి. అందుకని ప్రతి వాక్యానికీ ఇంకో వాక్యం తగిలించు: ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎవరు చూడొచ్చు, ఏ కాలంలో చూడకూడదు. చెప్పినవాళ్ళే పెట్టుకునే ఇట్లాంటి గుర్తుల కోసం టీకే లేబుల్స్ అని ఉన్నాయి, చూడు. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉంటాయి, నీ పని మీ ఊరి జీవవైవిధ్య కమిటీకి తెలిసే జరగాలి.

సాఫ్ట్‌వేర్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. వికీపీడియా వాళ్ళ సమాచార భండారం వికీడేటా వెనకున్న వికీబేస్ అనే సాఫ్ట్‌వేర్‌ను మీ సొంత సర్వర్‌లో పెట్టుకుంటే సరిపోద్ది. ముందు పది మొక్కలే ఎక్కించు.

ఎక్కించింది ఆ గూడెంలో చెప్పినవాళ్ళకు చదివి వినిపించు. ఏదన్నా తీసెయ్యమంటే అక్కడే, వాళ్ళ ఎదుటే తీసెయ్. సంక్రాంతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, నా పాత నోటు పుస్తకాలు ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. ఆ కాలవ గట్టు పేజీ మాత్రం నేను చించేశాను.

నీ మామయ్య